పేపరు చదవలేని ఐసు

ఐసు ఫ్యాక్టరీలో ముప్ఫై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఆ మనిషికి అసలు పేరు ఒకటి ఉంది. హాజరు పట్టీలో రాసి కూడా ఉంది. కానీ చేపల మార్కెట్టు నుంచి జ్యూసు కొట్ల దాకా అందరూ ఆయన్ని అద్దాలాయన అనే పిలుస్తారు. ఆయన అద్దాలు అమ్మడు. కళ్ళజోడు కూడా పెట్టుకోడు. పెట్టుకోమని డాక్టరు చెప్పి నాలుగేళ్ళయింది, అది వేరే సంగతి. ఆయన చేసే ఐసు అద్దంలా ఉంటుంది, అందుకని ఆ పేరు.

ఊరికే ఉంటుందా మరి అద్దంలా? ఆ ఫ్యాక్టరీలో నేలంతా చెక్క మూతలే. మూత ఎత్తితే కింద నిలువుపాటి రేకు డబ్బా, డబ్బా నిండా మంచినీళ్ళు. డబ్బాలన్నీ ఒక పెద్ద ఉప్పునీళ్ళ తొట్టిలో మెడ దాకా మునిగి ఉంటాయి. ఆ ఉప్పునీళ్ళు తాము గడ్డకట్టకుండా డబ్బాల్లో నీళ్ళని గడ్డకట్టిస్తాయి. దానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ సన్న గొట్టంతో ప్రతి డబ్బాలోకీ గాలి ఊదుతూనే ఉండాలి, లేకపోతే ఐసు తేటగా కట్టదు. ఇంకో తమాషా ఉంది. ఐసు అంచుల నుంచి లోపలికి కడుతూ, నీళ్ళలో ఉన్న ఉప్పునీ మురికినీ మధ్యకి నెట్టుకుంటూ పోతుంది. చివరికి నడిమధ్యన చెంబెడు మడ్డినీళ్ళు మిగులుతాయి. మిగతా ఫ్యాక్టరీల వాళ్ళు వాటిని అలాగే వదిలేస్తారు. అద్దాలాయన వదలడు. అదను చూసి ఆ నీళ్ళు పీల్చి పారేసి, మంచినీళ్ళు పోసి మళ్ళీ కట్టిస్తాడు.

అంతా అయ్యాక పరీక్ష. దిమ్మని నిలబెట్టి, దాని వెనక ఆ రోజు పేపరు పెట్టి, ఇటు నుంచి పెద్దక్షరాలు పైకి చదువుతాడు. చదవగలిగితే దిమ్మ గేటు దాటుతుంది. లేకపోతే మళ్ళీ నీళ్ళయిపోతుంది. "కరిగిపోయేదానికి ఇంత హంగామా ఎందుకయ్యా?" అని ఒక జ్యూసు కొట్టు ఆయన నోరు జారినందుకు వారం రోజులు ఐసు దొరక్క వేడి జ్యూసు అమ్ముకున్నాడు.

ఇక ఆయన నోట వచ్చే అతి పెద్ద తిట్టు "డబ్బా కారింది" అని. డబ్బాకి చిల్లు పడితే తొట్టిలో ఉప్పునీళ్ళు లోపలికి దిగి, దిమ్మ పాలిపోయి, ఉప్పగా, వానాకాలం గోడలా తయారవుతుంది. మనుషుల్ని కూడా ఆయన ఈ మాటతోనే తూస్తాడు. పక్కవీధిలో ఎవరన్నా మాట తప్పితే "వాడి డబ్బా కారిందిలే" అని తేల్చేస్తాడు.

అలాంటి మనిషి దగ్గరికి ఒక మధ్యాహ్నం మేనకోడలు వచ్చింది. ఆయన అక్క కూతురు. అంతరిక్ష పరిశోధన సంస్థలో ఇంజనీరు. పిల్లల్లేని అద్దాలాయనకి ఆ పిల్లంటే ప్రాణం. చిన్నప్పుడు సెలవుల్లో ఈ చెక్క మూతల మీదే తొక్కుడుబిళ్ళ ఆడింది. ఇప్పుడు అవే మూతల మీద కూర్చుని సంచిలోంచి ఒక ఫోటో తీసింది.

"మావయ్యా, ఇది చూడు."

నల్లటి కాగితం మీద తెల్లటి బంతి. దాని ఒళ్ళంతా ఎర్రమట్టి రంగు గీతలు, అడ్డదిడ్డంగా.

"ఏ ఫ్యాక్టరీది?" అన్నాడాయన.

"ఫ్యాక్టరీదేంటి మావయ్యా! గురుగ్రహం ఉంది కదా, దాని చుట్టూ తిరిగే చందమామల్లో ఇదొకటి. యూరోపా అంటారు. పైనంతా ఐసే, కిలోమీటర్ల మందం. కింద సముద్రం ఉండొచ్చంటున్నారు. ఉప్పు సముద్రం."

"మరి ఈ గీతలు?"

"పగుళ్ళు. ఆ రంగు ఉప్పు వల్లేమోనని అనుకుంటున్నారు."

అద్దాలాయన ఫోటోని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు, తిప్పి వెనకవైపు కూడా చూశాడు. "డబ్బా కారింది," అన్నాడు.

మేనకోడలు పడీ పడీ నవ్వింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆ చందమామ మీదికి ఒక నౌక వెళ్ళబోతోంది. దాంట్లో ఇంకా ఒక్క సీటు ఖాళీగా ఉంది. ఆ సీటు కోసం రెండు పరికరాలు పోటీ పడుతున్నాయి. ఒకటి ఎవరిదో కెమెరా, ఇప్పటికే రెండు ఉండగా మూడోది. రెండోది ఈమె నాలుగేళ్ళు కూర్చుని తయారుచేసిన డ్రిల్లు, మోచేతి పొడవు ఉంటుంది, ఐసులోకి మూరెడు లోతు దిగాలి. పన్నెండు రోజుల్లో కమిటీ ముందు పరీక్ష. పరీక్షకి అక్కడి ఐసులాంటి ఐసు కావాలి. సంస్థలో ఎంత చలినైనా పుట్టించే గది ఉంది కానీ అంతంత దిమ్మలు కట్టే సరంజామా లేదు.

"మా మావయ్య చేస్తాడని కమిటీలో మాటిచ్చేశాను," అంది.

"ఇచ్చేశావుగా, ఇంకేం! ఎన్ని కావాలి? ఎల్లుండికల్లా..."

"ఐదు దిమ్మలు. ఉప్పు ఉండాలి. మబ్బుగా ఉండాలి. పగుళ్ళు ఉండాలి."

కంప్రెసర్ హోరులో తప్పు విన్నానేమోనని ఆయన ముందుకి వంగాడు.

"ఉప్పా? నా ఫ్యాక్టరీలోనా?" అన్నాడు అద్దాలాయన. ఎవరన్నా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు కూడా.

అయినా మేనకోడలు అడిగితే కాదంటాడా? తలుపులు వేసుకుని, దొంగసరుకు చేస్తున్నట్టు మొదలుపెట్టాడు. నీళ్ళలో ఉప్పు కలిపి డబ్బాలో పోశాడు. రెండు రోజుల తర్వాత తీస్తే పైన ఐసు తేటగానే ఉంది, ఉప్పంతా నడుమకి పారిపోయి జావలా కూర్చుంది. ఐసు తన బుద్ధి చూపించుకుంది. మేనకోడలికి కావాల్సింది అంతటా సమానంగా ఉప్పు. ఆయన ఒక పూట బుర్ర గోక్కున్నాడు. తర్వాత మంచి దిమ్మలు నాలుగింటిని తనే సుత్తితో పొడి చేసి, ఆ పొడిని డబ్బాల్లో కూరి, సందుల్లో ఉప్పునీళ్ళు పోసి, పారిపోవడానికి ఉప్పుకి వ్యవధి ఇవ్వకుండా గబగబా గడ్డకట్టించాడు. తీసి ఎండలో ఒక్క నిమిషం పెట్టి మళ్ళీ చలిలోకి నెడితే టపటపా పగుళ్ళు కూడా వచ్చాయి.

ఐదు దిమ్మలు తయారయ్యాయి. బూడిద రంగులో, జ్వరం వచ్చి లేచినవాళ్ళలా నిలబడ్డాయి. అలవాటు కొద్దీ వెనక పేపరు పెట్టాడు. పేపరు కాదు కదా, పేపరు పట్టుకున్న చెయ్యి కూడా కనపడలేదు. ఆ పూట ఆయనకి అన్నం సయించలేదు.

మర్నాడు లారీ వస్తుంది. మేనకోడలు ఒక ఫారం కూడా ఇచ్చి వెళ్ళింది. "ఈ దిమ్మల్లో ఉప్పు, మబ్బు, పగుళ్ళు ఉన్నాయని ధ్రువీకరిస్తున్నాను" అని దాంట్లో ఉంది. కింద సంతకం చెయ్యాలి. అద్దాలాయన ఆ ఫారం చదివాడు, దిమ్మల వంక చూశాడు. నా బంగారు తల్లి నాలుగేళ్ళు చేతులు కాయలు కాచేలా చేసుకున్న మిషను. పెద్ద పెద్దవాళ్ళ ముందు పరీక్షకి కూర్చోబోతోంది. ఆ రోజున దానికి ఈ రోగిష్టి ఐసు పెట్టనా? దిగకపోతే? ఎవరయ్యా ఈ ఐసు చేసింది అని పదిమందిలో అడిగితే?

అందుకని, ఆ మహానుభావుడు, ఐదు చెడ్డ దిమ్మల్నీ గోదాములో ఆఖరి మూలకి తోసి, మొహాలు గోడవైపు తిప్పి, పైన గోనెపట్టాలు కప్పేశాడు. మార్కెట్టుకి వెళ్ళాల్సిన వాటిలోంచి ఏరి ఏరి ఐదు అద్దాల్లాంటి దిమ్మలు తీసి, గోనెల్లో చుట్టి, లారీ ఎక్కించాడు. ఫారం మీద కోడి గీకినట్టు ఏదో గీకాడు.

పరీక్ష రోజు ఆయనకీ పిలుపు వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి గాజు గోడకి ఇవతల కూర్చున్నాడు. అవతల చలిగదిలో మూడు దిమ్మలున్నాయి. ఆ చలికి పైన నూగు పట్టి అన్నీ తెల్లగానే ఉన్నాయి, మంచిదేదో చెడ్డదేదో కన్నతల్లికి కూడా తెలియదు. సంస్థవాళ్ళు దిమ్మని తూచారు, కొలిచారు, చలి ఎంతుందో మూడుసార్లు రాసుకున్నారు. ఉప్పు ఉందా లేదా అని మాత్రం ఎవరూ నాకి చూడలేదు. ఇంజనీరమ్మ సొంత మావయ్య కదా చేసింది!

డ్రిల్లు తిరిగింది. వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది. తొమ్మిది నిమిషాల్లో మూరెడు లోతు. గదంతా చప్పట్లు. మేనకోడలు పరుగెత్తుకొచ్చి మావయ్యని వాటేసుకుని ఏడ్చేసింది. అద్దాలాయన ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది. టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి.

కమిటీకి పెద్ద ఒకావిడ. తెల్లటి జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. అందరూ పెద్దమేడమ్ అంటారు. ఆవిడ వచ్చి అద్దాలాయన పక్కన కూర్చుంది.

"మీ మేనకోడలికి సీటు ఖాయమైనట్టేనండీ. టీ అయ్యాక సంతకాలు పెట్టేస్తాం."

"సంతోషం మేడమ్. ఎన్నాళ్ళు పడుతుంది వెళ్ళడానికి?"

"ఆరేళ్ళు."

"అమ్మో. మరి అక్కడ ఇరుక్కుంటే ఎవరు వెళ్ళి తీస్తారు?"

పెద్దమేడమ్ నవ్వింది. "ఎవరూ వెళ్ళలేరండీ. ఇరుక్కుంటే అంతే. ఇక్కడ కూర్చుని చూస్తూ ఉండాల్సిందే."

"ఎందుకు ఇరుక్కుంటుంది మావయ్యా?" అంది మేనకోడలు, చెంపలింకా తడిగానే ఉన్నాయి. "ఇందాక చూశావుగా! అక్కడా ఇలాగే దిగుతుంది."

బిస్కెట్టు అద్దాలాయన గొంతులో అడ్డంపడింది. నీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. ఆరేళ్ళు ప్రయాణం చేసి, ఆ డబ్బా కారిన చందమామ మీద దిగి, నాలుగు వేళ్ళు కూడా దిగకుండా ఇరుక్కుని, బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ మోచెయ్యంత డ్రిల్లు ఆయన కళ్ళకి కట్టింది. అప్పుడు ఈ పిల్ల మొహం ఎలా ఉంటుందో కూడా కనపడింది. చెబితే ఇప్పుడే పోతుంది సీటు. చెప్పకపోతే ఆరేళ్ళ తర్వాత పోతుంది, ఎందుకు పోయిందో దానికి తెలియను కూడా తెలియదు. అవతల పెద్దమేడమ్ కళ్ళజోడు పెట్టుకుని పెన్ను మూత తీసింది.

"ఆగండి!"

ముప్ఫై రెండేళ్ళు కంప్రెసర్ మీద గెలిచిన గొంతు అది. పెద్దమేడమ్ పెన్ను ఎగిరి బల్ల కింద పడింది.

"ఏమైందండీ?"

"ఆ ఐసు మంచిదండీ!"

"అవునండీ. మాకూ నచ్చింది."

"అయ్యో, మీకు నచ్చడం కాదండీ! అది నిజంగానే మంచి ఐసండీ. ఉప్పు లేదు, పగుళ్ళు లేవు, ఏ జబ్బూ లేదు. మార్కెట్టుకి వేసే సరుకది!"

కమిటీ మొత్తం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "పాపం, సంతోషం ఎక్కువైనట్టుంది," అని ఎవరో గొణిగారు. "ఎవరన్నా ఆయన్ని కాస్త కూర్చోబెట్టండి."

ఇక లాభం లేదనుకున్నాడు అద్దాలాయన. పక్కగదిలో వాడకుండా మిగిలిన రెండు దిమ్మలు గోనెల్లోనే ఉన్నాయి. ఒకదాన్ని బండి మీద తోసుకొచ్చి గది మధ్యలో నిలబెట్టాడు. గోనె ఊడదీశాడు. తడిగుడ్డతో తుడిచాడు. బల్ల మీద ఉన్న పేపరు తీసి, కమిటీలో ఒక పెద్దమనిషి చేతికిచ్చి, వెనక పట్టుకోమన్నాడు. తను ఇవతల నిలబడి, ఫ్యాక్టరీలో రోజూ చదివినట్టే, గట్టిగా చదివాడు.

"ఇంకో వారం దాకా వానల్లేవు!"

వానల సంగతి కాదు అందరికీ అర్థమైంది.

మేనకోడలు దిమ్మలోంచి అవతల ఉన్న పెద్దమనిషి చొక్కా గుండీలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా చూస్తోంది. "మావయ్యా," అంది. ఆ గుండీల మీద నుంచి చూపు తిప్పకుండానే, "నాలుగేళ్ళు మావయ్యా," అంది.

"నీ మిషను పెద్దవాళ్ళ ముందు కూర్చుంటుంటే, చెడ్డ ఐసు ఎలా ఇవ్వను తల్లీ? నాకు చెయ్యి రాలేదు. తప్పయిపోయింది."

ఆమె మొహం అటు తిప్పుకుంది. అదే ఆయనకి దెబ్బ కొట్టినట్టయింది. పెద్దమేడమ్ కాగితాలు మూసేసింది. ఐదు రోజులు గడువిస్తున్నామనీ, ఈసారి ఐసుని తానే నాకి చూస్తాననీ చెప్పింది.

ఇంటికొచ్చి జరిగింది చెబితే ఆయన భార్య ముక్కున వేలేసుకుంది.

"ఏమండీ, ఇన్నేళ్ళ కాపురంలో నా దగ్గర ఒక్కసారి తప్పయిందని అన్నారా? అంతమందిలో నోరెలా వచ్చింది?"

"మన గొడవలకి ఆరేళ్ళ ప్రయాణం ఉండదు కదే," అన్నాడాయన.

ఆవిడ మరి కాఫీ ఇవ్వలేదు.

గోడవైపు తిరిగి శిక్ష అనుభవిస్తున్న ఐదు దిమ్మలూ మర్నాడు లారీ ఎక్కాయి. ఆయన వాటితో పాటే లారీ వెనక కూర్చుని వెళ్ళాడు. కమిటీ రాకముందే మేనకోడలు ఒక దిమ్మ మీద డ్రిల్లు పెట్టి చూసుకుంది. ఆయనతో మాట్లాడటం లేదు. "ఆ ఐసాయన్ని కొంచెం పక్కకి జరగమనండి," అని వేరేవాళ్ళతో చెప్పిస్తోంది. ఆయన జరిగాడు.

డ్రిల్లు నాలుగు వేళ్ళ లోతు దిగింది. మూలిగింది. ఆగిపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. మేనకోడలు మీట నొక్కి బలంగా లాగించబోయింది.

"లాగకు!"

ఆమె చెయ్యి ఆగింది.

"లాగితే ఇంకా బిగుస్తుంది తల్లీ. డబ్బా కారిన దిమ్మల్ని రంపంతో కోసేటప్పుడు నాకు ప్రతిసారీ ఇదే గోల. మంచి ఐసు అయితే పొడి పొడిగా రాలిపోతుంది. ఉప్పు ఐసు అలా కాదు, కోత వేడికి చెమ్మగిల్లి, జావలా పట్టుకుని, పళ్ళ సందుల్లోనే మళ్ళీ గడ్డకట్టేస్తుంది. ఒక్క బిగిన కోద్దామనుకుంటే చచ్చామే. కొంచెం కొయ్యాలి, రంపం పైకి తియ్యాలి, పొడి దులపాలి, మళ్ళీ దించాలి. ఇరుక్కుంటే లాగకూడదు, వెనక్కి తిప్పాలి, మెల్లగా."

మేనకోడలు ఆయన వంక చూసింది. ఆ పరీక్ష రోజు తర్వాత మొదటిసారి సూటిగా చూసింది.

"ఒక్కో కోత ఎంత?" అంది.

"వేలి మందం. అంతకన్నా ఆశపడకు."

ఆమె డ్రిల్లుని వెనక్కి తిప్పించింది. గుర్రుమంది, కదిలింది, బయటికొచ్చింది. పళ్ళ నిండా బూడిద రంగు జావ, అప్పుడే రాయిలా బిగుసుకుంటోంది. ఆ మిగిలిన రోజులు ఆమె కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. వేలి మందం దిగడం, పైకి రావడం, విదిలించడం, మళ్ళీ దిగడం డ్రిల్లుకి ఓపిగ్గా నేర్పింది. మధ్యమధ్య "ఐసాయన్ని అడగండి, ఎన్నిసార్లు విదిలించాలట?" అని కబురు చేసేది. ఆయన పక్కగదిలోనే ఉండేవాడు. "రెండుసార్లు," అని అరిచేవాడు.

ఐదో రోజు కమిటీ కూర్చుంది. పెద్దమేడమ్ అన్న మాట నిలబెట్టుకుంది. దిమ్మ అంచు నుంచి ఒక పెంకు గీకి నాలిక మీద వేసుకుంది. మొహం వికారంగా పెట్టింది.

"ఛీ, పరమ దరిద్రంగా ఉంది," అంది మెచ్చుకోలుగా.

అద్దాలాయనకి ఎక్కడో కలుక్కుమంది. మెచ్చుకోలే, తెలుసు. అయినా కలుక్కుమంది.

డ్రిల్లు మొదలైంది. వేలి మందం, పైకి, విదిలింపు. వేలి మందం, పైకి, విదిలింపు. పోయినసారి తొమ్మిది నిమిషాల్లో అయిన పని మూడు గంటలు సాగింది. కమిటీలో ఇద్దరు ఆవలించారు, ఒకాయన కునుకు తీశాడు. అద్దాలాయన మాత్రం కుర్చీ అంచు మీద కూర్చుని, డ్రిల్లు దిగినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, పైకొచ్చినప్పుడల్లా వదిలాడు. సగంలో ఒక పగులు దగ్గర అది మూలిగింది. మేనకోడలి వేళ్ళు మీట మీదికి పోయాయి. లాగలేదు. డ్రిల్లు తనంతట తాను వెనక్కి తిరిగి, పైకొచ్చి, రెండుసార్లు విదిలించుకుని, మళ్ళీ దిగింది.

మూరెడు లోతు చేరింది. ఈసారి చప్పట్లకి ముందు అందరూ గాజు గోడకి ఆనుకుని లోతు ఇంకోసారి చూసుకున్నారు. కునుకు తీసినాయన లేచి అందరికన్నా గట్టిగా కొట్టాడు.

పెద్దమేడమ్ సంతకం పెట్టబోతూ, "ముందు ఐసు ఫారం ఉండాలి కదండీ," అంది. మేనకోడలు కొత్త ఫారం తెచ్చి మావయ్య ముందు పెట్టింది. ఉప్పు ఉంది, మబ్బు ఉంది, పగుళ్ళు ఉన్నాయి. అద్దాలాయన పెన్ను తీసుకున్నాడు. కానీ సంతకం చెయ్యకుండా లేచి, వాడకుండా మిగిలిన ఆఖరి దిమ్మ దగ్గరికి వెళ్ళాడు. దాని వెనక ఫారం ఆనించి, ఇవతలికొచ్చి చూశాడు.

"ఏంటి మావయ్యా?"

"ఉండు. చూడకుండా నా సరుకు ఎప్పుడైనా గేటు దాటిందా?"

"నీకు మామూలుగానే కనపడదు కదా! అది ఐసు గొప్పా, నీ కళ్ళ గొప్పా, ఎలా తెలుస్తుంది?"

ఆ మాట నిజమేననిపించింది. పెద్దమేడమ్ దగ్గరికి వెళ్ళి, "మేడమ్, ఒక్కసారి మీ కళ్ళజోడు," అని చెయ్యి చాపాడు. ఆవిడ గొలుసుతో సహా తీసి ఇచ్చింది. నాలుగేళ్ళుగా డాక్టరు పెట్టుకోమంటున్నది ఆయన మొదటిసారి ముక్కు మీద పెట్టుకున్నాడు. గొలుసు చెవుల పక్కన వేలాడుతుండగా వంగి, ముక్కు దిమ్మకి ఆనేదాకా వంగి, పైనుంచి కింద దాకా చూశాడు. పక్క నుంచి చూశాడు. ముప్ఫై రెండేళ్ళలో ఇంత జాగ్రత్తగా ఏ దిమ్మనీ చూడలేదు.

లేచి నిలబడేసరికి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఒక్క అక్షరం కూడా కనపడటం లేదు తల్లీ," అన్నాడు.

మేనకోడలు ఆయన భుజం మీద తల వాల్చి నవ్వింది. ఐదు రోజుల నవ్వంతా ఒక్కసారే నవ్వింది. అద్దాలాయన ఫారం తీసి, ఆమె వీపు మీదే పెట్టుకుని, తన పూర్తి పేరు, ఒక్కో అక్షరం విడివిడిగా, గుండ్రంగా రాశాడు.